కరోనా అప్పుడు వేసిన యాంటీబయాటిక్స్ వల్లే ఇప్పుడు అమ్మకు మందులు పనిచేయడం లేదా?

మధుమాలతి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకు 68 ఏళ్లు. 2021లో కరోనా వచ్చింది. మొదటి రోజు జ్వరం 101, ఒళ్లునొప్పులు, అంతే. ఫోన్లో తిరుగుతున్న మందుల లిస్టు ఒకటి చూసి నేనే అజిత్రోమైసిన్ అయిదు రోజులు వేయించాను. తగ్గకపోయేసరికి డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాను. ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఆక్సిజన్ 88కి పడిపోతే హాస్పిటల్లో చేర్చాం. అక్కడ 16 రోజులు ఉంది. అందులో ఆరు రోజులు ఐసీయూ, యూరిన్‌కి గొట్టం వేశారు.

డిశ్చార్జి కాగితాల్లో మెరోపెనెమ్‌తో పాటు ఇంకో రెండు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల పేర్లున్నాయి. ఎందుకిచ్చారో అని చూస్తే "సెకండరీ ఇన్ఫెక్షన్ రాకుండా" అని ఒక్క లైను. కల్చర్ రిపోర్టు (శాంపిల్లో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష) అంటూ ఆ ఫైల్లో ఒక్కటీ లేదు. అప్పుడు అదేం పట్టలేదు నాకు. అమ్మ ఇంటికొచ్చింది, అదే చాలనుకున్నాను.

మూడు నెలలకు మూత్రంలో మంట మొదలైంది. మాత్రలు వేస్తే తగ్గింది. మళ్లీ వచ్చింది. అప్పట్నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు ఇదే. పోయిన వారం యూరిన్ కల్చర్ చేయిస్తే ఈ.కోలై అనే బ్యాక్టీరియా, ‘ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని వచ్చింది. కింద 15 మందుల పేర్లు. వాటిలో 11 మందుల ఎదురుగా ‘ఆర్’, అంటే పనిచేయవని. నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, మెరోపెనెమ్ ఈ నాలుగింటికే ‘ఎస్’, అంటే పనిచేస్తాయని. ఆ కాగితం చూసినప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

నావి రెండు ప్రశ్నలు. ఏ డాక్టరూ రాయకుండా నేను వేయించిన ఆ మాత్రలే దీనికి కారణమా? వైరస్ జబ్బుకు బ్యాక్టీరియా మందు వేశానని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు తెలియదు. ఇక రెండోది, యాంటీబయాటిక్స్ కాకుండా వేరే దారి ఏదైనా ఉందా? ఫేజ్ థెరపీ గురించి చదివాను. అది అమ్మలాంటి వాళ్లకు పనికొస్తుందా?


నైట్‌డ్యూటీ:

మధుమాలతి గారూ, నేను నర్సుని. 2020, 2021 రెండేళ్లూ కరోనా ఐసీయూలోనే పనిచేశాను. మాత్రల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు, నేను కళ్లారా చూసింది చెబుతాను.

మామూలు రోజుల్లో ఒక పేషంటును ముట్టుకున్నాక గ్లోవ్స్ తీసేసి, చేతులు కడుక్కుని, కొత్తవి వేసుకుని ఇంకో పేషంటు దగ్గరికి వెళ్తాం. కరోనాలో ఒంటినిండా కవరాల్. లోపల ఒక జత గ్లోవ్స్ టేపు వేసి అంటించేవాళ్లం, పైన ఇంకో జత. సరుకు తక్కువగా ఉన్న రోజుల్లో ఆ పై జతను మార్చకుండా, దాని మీదే శానిటైజర్ రుద్దుకుని పక్క బెడ్డుకు వెళ్లాం. ఆ సూట్లు మమ్మల్ని వైరస్ నుంచి కాపాడాయి. ఒక పేషంటు మీది బ్యాక్టీరియా ఇంకో పేషంటుకు చేరకుండా మాత్రం ఆపలేదు. ఇద్దరిని చూసుకోవాల్సిన నర్సు ఆరుగురిని చూసుకుంది. ఒకరిని బోర్లా పడుకోబెట్టాలంటే నలుగురం పట్టేవాళ్లం, మా నలుగురి గౌన్లూ ఆ పేషంటు ఛాతీకీ గొట్టాలకీ రాసుకునేవి. యూరిన్ గొట్టం విషయంలో "ఇది ఇంకా అవసరమా?" అని రోజూ పొద్దున రౌండ్స్‌లో అడగాలి. అవసరం తీరిన గొట్టం ఒక్క రోజు ఎక్కువున్నా ఇన్ఫెక్షన్‌కు దారి ఇచ్చినట్టే. ఆ రోజుల్లో ఆ మాట అడిగే తీరిక మాకెవరికీ లేదు.

మీ అమ్మగారికి ఆ మొండి బ్యాక్టీరియా హాస్పిటల్లోనే అంటి ఉండొచ్చు. దానికి మీరు బాధ్యులు కారు. ఆ పై జత గ్లోవ్స్ నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటాయి.


అగార్‌ప్లేట్:

మధుమాలతి గారూ, నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని, 17 ఏళ్లుగా ఇదే పని. డాక్టర్ని కాను, అమ్మగారికి ఏ మందు వేయాలో నేను చెప్పకూడదు. కానీ మీకు నిద్ర పట్టకుండా చేసిన ఆ ‘ఆర్’ అక్షరం రిపోర్టులో రాసేది మాలాంటి వాళ్లమే. అది ఎలా వస్తుందో ముందు చెబుతాను.

యూరిన్ డబ్బా మా దగ్గరికి రాగానే సన్నటి లూప్‌తో ప్లేటు మీద గీస్తాం. ఈ.కోలై ఉంటే మర్నాటికి మెకాంకీ అగార్ మీద గులాబీ రంగు చుక్కలు మొలుస్తాయి. ఒక చుక్కను సెలైన్‌లో కలిపి, దూదిపుల్లతో ఇంకో ప్లేటు నిండా సమంగా పూస్తాం. దాని మీద 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు పెడతాం. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. ఇంక్యుబేటర్‌లో 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచుతాం. పొద్దున మూత తీస్తే, పనిచేసే మందు బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ జాగా ఉంటుంది. దాన్ని స్కేలుతో కొలిచి, ఆ మందుకు ఉండాల్సినంత వెడల్పు ఉంటే ఎస్, లేకపోతే ఆర్ అని రాస్తాం. మందు అసలు పనిచేయని చోట బ్యాక్టీరియా పొర బిళ్ల అంచుదాకా వచ్చి ఆనుకుని ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని మెషీన్ చేస్తోంది. నేను మాత్రం వీలైనప్పుడల్లా ప్లేటు కూడా చూస్తాను.

మీ అమ్మగారి రిపోర్టులో నాలుగింటికి ఎస్ ఉంది. అందులో రెండు (నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్) నోటితో వేసుకునే పాత మందులు. నా కళ్లకు అది చెడ్డ రిపోర్టు కాదు. ఈఎస్‌బీఎల్ అంటే ఆ బ్యాక్టీరియా ఒక ఎంజైమ్ తయారుచేసి, పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకం మందులను ముక్కలు చేస్తుందని అర్థం. ఆ ఎంజైమ్ ఒక్కటి ఉంటే చాలు, ఆ కుటుంబానికి చెందిన ఆరేడు మందులకు ఒకేసారి ఆర్ పడుతుంది. కాబట్టి 11 ఆర్‌లను 11 వేర్వేరు దెబ్బలుగా లెక్కపెట్టుకోకండి.

చెడ్డ రిపోర్టు అంటే ఏమిటో నేను 2021లో చూశాను. ఐసీయూ నుంచి గొంతు గొట్టంలోంచి తీసిన శాంపిల్స్ వచ్చేవి. అసినెటోబ్యాక్టర్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, వెంటిలేటర్లూ బెడ్డు రెయిలింగులూ దాని ఇళ్లు, పొడి ఉపరితలం మీద కూడా రోజుల తరబడి బతుకుతుంది. ఒక పొద్దున పెద్ద ప్లేటు మూత తీశాను. పన్నెండు బిళ్లలు. ఒక్కదాని చుట్టూ కూడా ఖాళీ లేదు, పాలమీగడ కప్పినట్టు అంచు నుంచి అంచుకు ఒకటే పొర. స్కేలు తీసిందాన్ని పక్కన పెట్టేశాను, కొలవడానికి ఏమీ లేదు. కాగితం మీద వయసు 41 అని ఉంది. వార్డు నుంచి డాక్టరు ఫోన్ చేసి "ఏదైనా ఒక్కటి దొరికిందా?" అన్నారు. ఇంకేదీ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్ చూడాలి అన్నాను. కొలిస్టిన్‌ను బిళ్ల పెట్టి తేల్చకూడదు, మందును ద్రవంలో మెట్లుమెట్లుగా పలచన చేసి చూడాలి. అంటే ఇంకో రోజు. నేను రిపోర్టు పంపే వేళకు ఆ బెడ్డులో వేరే పేషంటు ఉన్నారు.

ఇలాంటివి నా ఒక్క ల్యాబ్‌లో జరిగినవి కావు. అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్కల ప్రకారం, 2019తో పోలిస్తే 2020లో హాస్పిటల్లో అంటుకునే మొండి ఇన్ఫెక్షన్లూ వాటివల్ల మరణాలూ కనీసం 15 శాతం పెరిగాయి. కార్బపెనెమ్ (మెరోపెనెమ్ రకం) మందులకు లొంగని అసినెటోబ్యాక్టర్ అయితే 78 శాతం పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి నుంచి 2023 మార్చి దాకా 65 దేశాల్లో హాస్పిటల్లో చేరిన నాలుగున్నర లక్షల మంది కరోనా పేషంట్ల వివరాలు తీసి 2024లో బయటపెట్టింది. వాళ్లలో యాంటీబయాటిక్ అవసరమయ్యే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నది దాదాపు 8 శాతం మందికి. యాంటీబయాటిక్ పడింది నలుగురిలో ముగ్గురికి.

డాక్టర్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ల భయానికి కారణం ఉంది. 1918 ఫ్లూలో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కలను భద్రపరిచి ఉంచారు. 2008లో వాటిని మళ్లీ పరీక్షిస్తే, ఎక్కువమందిలో వైరస్ వెనకాలే బ్యాక్టీరియా న్యుమోనియా కూడా వచ్చిందని తేలింది. ఆ చరిత్ర తెలిసిన డాక్టరు ముందు ఆక్సిజన్ 88 ఉన్న మనిషి ఉన్నారు, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రక్తపరీక్షలో ఎక్కువగా ఉంది. ఆ తెలుపు వైరస్‌దో బ్యాక్టీరియాదో ఎక్స్‌రే చెప్పదు. ప్రోకాల్సిటోనిన్ అనే రక్తపరీక్ష కొంత సాయపడుతుంది, అది తక్కువగా ఉంటే బ్యాక్టీరియా అయ్యే అవకాశం తక్కువ. అది అన్నిచోట్లా లేదు, ఉన్నా నూటికి నూరుపాళ్లు నమ్మలేం. నన్ను బాధపెట్టేది మొదలుపెట్టడం కాదు, ఆపకపోవడం. మొదటి రోజు భయంతో ఇచ్చారు, సరే. శాంపిల్ పంపి, మూడో రోజుకు ఏమీ మొలవలేదని మేం రిపోర్టు ఇస్తే ఆపేయొచ్చు. మీ ఫైల్లో కల్చర్ రిపోర్టు లేదన్నారు చూశారా, నాకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది ఆ మాటే.

అజిత్రోమైసిన్ గురించి. మొదట్లో అది కరోనా మీద కూడా పనిచేస్తుందని ఆశపడిన మాట నిజం. తర్వాత బ్రిటన్‌లో రికవరీ ట్రయల్‌లో హాస్పిటల్లో చేరిన ఏడువేల ఏడువందల మందికి పైగా పేషంట్లలో అది వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ పోల్చి చూశారు, మరణాలు తగ్గలేదు. అక్కడే ప్రిన్సిపల్ అనే ఇంకో ట్రయల్‌లో ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ విడివిడిగా ఇచ్చి చూశారు, అక్కడా చెప్పుకోదగ్గ లాభం లేదు. స్వల్ప లక్షణాలుంటే యాంటీబయాటిక్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. ఆ మాట మీ ఫోన్‌కు చేరలేదు, మందుల లిస్టు చేరింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మీరు వేయించిన మాత్రలే కారణమా అంటే, ఒక్క మనిషి విషయంలో అది తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. పేగుల్లో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది, అందులో మందుకు లొంగనివి కొన్ని ముందే ఉంటాయి, లేదా హాస్పిటల్లో చేరతాయి. యాంటీబయాటిక్ వేసినప్పుడు లొంగేవి చచ్చి, మిగిలినవాటికి జాగా దొరుకుతుంది. ఒక కోర్సు తర్వాత ఈ ప్రభావం మొదటి నెలలో బాగా ఎక్కువగా ఉంటుంది, ఏడాది దాకా కూడా ఉండొచ్చు. అంటే 2021 నాటి ఆ మాత్రలు ఒక్కటే ఇంతకాలం పట్టి ఉంచుతాయని నేను అనుకోను. అయితే ఆ ఏడాది పూర్తికాకముందే ఇంకో కోర్సు పడి ఉంటే, గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. ఏడాదికి రెండు మూడుసార్లు అన్నారు కదా.

కాబట్టి 2021 గురించి కాదు, పోయిన వారం గురించి అడుగుతాను. కల్చర్ ఎందుకు చేయించారు? అప్పుడు మంట, జ్వరం, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, కిందిపొట్ట నొప్పి, వీటిలో ఏవైనా ఉన్నాయా? శాంపిల్ ఎలా పట్టారు?


మధుమాలతి:

మీ ఇద్దరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఫైల్లో కల్చర్ లేదన్న దాని గురించి మీరు రాసింది నాలుగుసార్లు చదివాను.

నిజం చెప్పాలంటే పోయిన వారం మంట లేదు. జ్వరం లేదు. యూరిన్ కొంచెం మబ్బుగా ఉంది, వాసన వస్తోంది, అంతే. మళ్లీ మొదలవుతుందేమో, ముందే పట్టేద్దాం అని నేనే ల్యాబ్‌కు ఇచ్చాను. శాంపిల్ మొదటి ధార నుంచే డబ్బాలో పట్టాం. అలా పట్టకూడదని ఎవరూ చెప్పలేదు.

పోయినసారి మిగిలిన సిప్రోఫ్లాక్సాసిన్ స్ట్రిప్పులో ఆరు మాత్రలున్నాయి. రిపోర్టు రాకముందు రెండు వేయించాను కూడా. రిపోర్టులో దానికి ఆర్ ఉందని చూసి ఆపాను. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.


ఫేజ్‌చుక్క:

నేను బ్యాక్టీరియోఫేజ్‌ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఫేజ్ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఈ సబ్జెక్టు అంటే నాకు ప్రాణం. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

ఫేజ్ అంటే బ్యాక్టీరియాను తినే వైరస్. మనిషి కణాల జోలికి రాదు. బ్యాక్టీరియా పొర పరిచిన ప్లేటు మీద ఫేజ్ ఉన్న ద్రవం ఒక్క బొట్టు వేసి రాత్రంతా ఉంచితే, పొద్దున ఆ బొట్టు పడిన చోట అద్దంలా తేటగా ఉంటుంది. మిగతా అంతా మసక, అక్కడ ఒక్కచోట వెలుతురు దూరుతుంది. మొదటిసారి చూసినప్పుడు ప్లేటును కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

ఇది కొత్త సంగతి కాదు. ఫ్రెడరిక్ ట్వార్ట్ 1915లో, ఫెలిక్స్ డెరెల్ 1917లో దీని గురించి రాశారు, అంటే పెన్సిలిన్ కన్నా పదేళ్లు ముందే. జార్జియా దేశంలోని టిబిలిసిలో 1923లో మొదలైన ఎలియావా ఇన్‌స్టిట్యూట్ నేటికీ ఫేజ్‌లతో వైద్యం చేస్తోంది. 2016లో అమెరికాలోని శాన్ డియాగోలో టామ్ ప్యాటర్సన్ అనే ప్రొఫెసర్‌ను ఫేజ్‌లు బతికించాయి. ఆయన ఒంట్లో ఉన్నది పైన ల్యాబ్ వాళ్లు చెప్పిన అసినెటోబ్యాక్టరే. ఆయన భార్య స్టెఫనీ స్ట్రాత్‌డీ ఎపిడెమియాలజిస్టు, ఆమే పరిశోధకులకు మెయిళ్లు రాసి ఫేజ్‌లు వెతికించింది.

కష్టం ఎక్కడంటే, ఒక ఫేజ్ సాధారణంగా ఒక జాతిలో కూడా కొన్ని రకాలనే పడుతుంది. నా దగ్గరున్న ఈ.కోలై ఫేజ్ మీ అమ్మగారి ఈ.కోలైని పట్టకపోవచ్చు. ప్రతి పేషంటుకూ వెతకాలి, శుద్ధి చేయాలి. వాడటం మొదలుపెట్టాక బ్యాక్టీరియా ఫేజ్‌కు కూడా అలవాటు పడొచ్చు. యూరిన్ ఇన్ఫెక్షన్ల మీద టిబిలిసిలోనే పద్ధతిగా ట్రయల్ చేశారు, ప్రోస్టేట్ ఆపరేషన్‌కు వచ్చిన మగవాళ్లకు ఫేజ్‌లను నేరుగా మూత్రాశయంలోకి పంపారు. మందు లేని ద్రవం ఇచ్చినవాళ్ల కన్నా మెరుగైన ఫలితం రాలేదు. మా రంగంలో వాళ్లం ఈ ఫలితాన్ని తక్కువగా ప్రస్తావిస్తాం, అది మంచి పద్ధతి కాదు. ఎస్ పడిన నోటి మందులు రెండున్న మనిషికి ఇవాళ ఫేజ్ అవసరం లేదు.

ఇక మిగతా ప్రత్యామ్నాయాల్లో గట్టిగా నిలబడింది ఒకటుంది, మల మార్పిడి. వినడానికి ఇబ్బందిగా ఉన్నా, యాంటీబయాటిక్స్ పేగులను ఖాళీ చేశాక వచ్చే క్లాస్ట్రిడియాయిడెస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా విరేచనాలు మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆరోగ్యవంతుల పేగు బ్యాక్టీరియాను ఎక్కించడం బాగా పనిచేసింది. అమెరికాలో 2022లో దీనికి మందుగా అనుమతి ఇచ్చారు. ఫేజ్‌ల నుంచి తీసిన, బ్యాక్టీరియా గోడను పగలగొట్టే లైసిన్ ఎంజైమ్‌ల మీద నాకు ఆశ ఉంది, కానీ ఎక్సెబకేస్ అనే లైసిన్ మీద పెద్ద ట్రయల్‌ను 2022లో లాభం కనిపించక ఆపేశారు. టీకాలను ఎవరూ ఈ లెక్కలో వేయరు, నేను వేస్తాను. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియాకు టీకా వేసిన పిల్లల్లో మందుకు లొంగని న్యుమోకాకస్ జబ్బులు తగ్గాయి. ఫ్లూ టీకా వైరస్‌దే అయినా, ఫ్లూ రాని మనిషికి ఎవరూ భయంతో యాంటీబయాటిక్ రాయరు కదా.


అగార్‌ప్లేట్:

మధుమాలతి గారూ, ముందు ఆ స్ట్రిప్పు సంగతి. దాన్ని ఇంట్లోంచి తీసేయండి, ఎలా పారేయాలో మందుల కౌంటర్‌లో అడగండి.

మంట లేదు, జ్వరం లేదు, అయినా యూరిన్‌లో బ్యాక్టీరియా ఉంది. దీనికి వైద్యంలో వేరే పేరే ఉంది, లక్షణాలు లేని బ్యాక్టీరియూరియా. పెద్దవయసు ఆడవాళ్లలో ఇది చాలా మామూలు. గర్భిణులకు, మూత్రనాళంలో రక్తం కారే రకం ప్రొసీజర్ చేయబోయేవాళ్లకు తప్ప, మిగతావాళ్లకు దీనికోసం వెతకొద్దు, దొరికినా మందు వేయొద్దు అనే 2019లో అమెరికా ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం గైడ్‌లైన్స్ చెబుతున్నాయి. మబ్బుగా ఉండటం, వాసన రావడం ఈ రెండే ఉంటే ఇన్ఫెక్షన్ అని చెప్పలేం. నీళ్లు తక్కువ తాగినా అలా ఉంటుంది. పైగా మొదటి ధార పడితే చర్మం మీది బ్యాక్టీరియా కూడా డబ్బాలోకి వస్తుంది. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టాలి. పట్టిన డబ్బా రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండలో కారులో మరిచిపోయిన డబ్బాలో ఈ.కోలై గబగబా రెట్టింపవుతూ ఉంటుంది. మేం ఇక్కడ లెక్కపెట్టేది కారులో పెరిగినవాటినే.

అంటే మీ అమ్మగారికి ఇప్పుడు మందు అవసరమే లేకపోవచ్చు. ఈ మాట నేను తేల్చేది కాదు, గురువారం డాక్టర్ని సూటిగా అడగండి: "లక్షణాలు లేవు, అయినా వైద్యం చేయాలా?" ఈలోపు చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు, ఉన్నట్టుండి మనిషి అయోమయంగా మాట్లాడటం, వీటిలో ఏది కనిపించినా గురువారం దాకా ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి.

నిజంగా మంటతో వచ్చినప్పుడు ఎస్ పడిన ఆ రెండు నోటి మందులు ఉన్నాయి. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రాశయం వరకే, కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌కు చాలదు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు కుదరదు. అమ్మగారి క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

మళ్లీ రాకుండా చూసుకోవడంలో మాత్రం యాంటీబయాటిక్ కాని దారులు నిజంగానే ఉన్నాయి. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి, యోని దగ్గర మనకు మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా తగ్గిపోతుంది, ఆ జాగాలోకి ఈ.కోలై వస్తుంది. అక్కడ రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ దీన్ని సరిచేస్తుంది. చాలామంది ఆడవాళ్లు ఈ విషయం డాక్టర్‌తో మాట్లాడటానికి మొహమాటపడతారు. అమ్మ తరఫున మీరు అడగండి. రెండోది మెథెనమైన్ హిప్పురేట్. ఇది ఆమ్ల గుణమున్న మూత్రంలో ఫార్మాల్డిహైడ్‌గా మారి బ్యాక్టీరియాను చంపుతుంది. బ్రిటన్‌లో 240 మంది ఆడవాళ్ల మీద చేసిన ట్రయల్ 2022లో అచ్చయింది. రోజూ చిన్న మోతాదులో యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్ల కన్నా దీన్ని వాడినవాళ్లకు ఇన్ఫెక్షన్లు కాస్త ఎక్కువే వచ్చాయి, కానీ ఆ తేడా పరిశోధకులు ముందే గీసుకున్న హద్దు లోపలే ఉంది. ఇది నివారణకే, వచ్చాక తగ్గించడానికి కాదు. క్రాన్‌బెర్రీ మాటకు కొంత ఆధారం ఉంది, 2023లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి చూసే సంస్థ) సమీక్ష 50 అధ్యయనాలు చూసి, మళ్లీ మళ్లీ వచ్చే ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతు తగ్గుదల ఉందని చెప్పింది. డీ-మానోజ్ అనే చక్కెర పొడి కొనమని ఎవరైనా చెబితే డబ్బు మిగుల్చుకోండి, 2024లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో అది పనిచేయలేదు. నీళ్లు తక్కువ తాగే ఆడవాళ్లు రోజుకు లీటరున్నర అదనంగా తాగితే ఇన్ఫెక్షన్లు సగానికి దగ్గరగా తగ్గాయి. ఆ అధ్యయనం నెలసరి ఆగనివాళ్ల మీద చేసింది, అయినా గుండె, కిడ్నీ సమస్యలు లేకపోతే అమ్మగారికీ ప్రయత్నించొచ్చు, అడిగి చూడండి.

ఇంకొక్కటి. ఈసారి మంట వస్తే, మొదటి మాత్రకు ముందే శాంపిల్ ఇవ్వండి. మాత్ర వేశాక వచ్చిన డబ్బాలో మాకు కొన్నిసార్లు ఏమీ మొలవదు, అప్పుడు మేం ఎవరికీ సాయం చేయలేం.


మధుమాలతి:

గురువారం వెళ్లొచ్చాం. మీరు చెప్పిన ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్లి అలాగే అడిగాను. డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి అమ్మనే అడిగారు, మంట ఉందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు అని. తర్వాత "దీనికి ఇప్పుడు మందు వద్దు" అన్నారు. ఈస్ట్రోజెన్ క్రీమ్ రాశారు. మెథెనమైన్ సంగతి ఆరు వారాల తర్వాత చూద్దామన్నారు. క్రియాటినిన్ బాగానే ఉంది. నేను అడిగినప్పుడు అమ్మ కొంచెం సిగ్గుపడింది కానీ బయటికొచ్చాక చెయ్యి పట్టుకుంది.

2021 నుంచి ఏ యాంటీబయాటిక్ ఎప్పుడు వాడారో రాసి తెమ్మన్నారు. నిన్న రాత్రి పాత బిల్లులు, చీటీలు, సగం వాడిన స్ట్రిప్పులు అన్నీ మంచం మీద పోసి తేదీలవారీగా రాశాను. హాస్పిటల్లో ఇచ్చినవి కాకుండా తొమ్మిది కోర్సులు. ఎక్కడా రెండింటి మధ్య ఏడాది ఖాళీ లేదు. తొమ్మిదిలో కల్చర్‌కు ఇచ్చాక మొదలుపెట్టినవి రెండే.


అగార్‌ప్లేట్:

ఆ కాగితం ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఎప్పుడైనా ఎమర్జెన్సీలో వెళ్లాల్సి వస్తే మొదట దాన్ని చూపించండి. దాని పక్కనే 2021 డిశ్చార్జి సమ్మరీ కూడా.